ట్యాంకు పరిమాణానికి ఒకే అంకె సరిపోదు: మన నియమావళి రచయితలకు బహిరంగ లేఖ

పటం మీద పాచికలతో ట్యాంకు యుద్ధాలను ఆడే చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల తెలుగు యుద్ధక్రీడా మిత్రులకు, ముఖ్యంగా కొత్త నియమావళి ముసాయిదాను సిద్ధం చేసిన సభ్యులకు, బల్లార్‌పూర్ నుంచి నమస్కారాలతో రాస్తున్న లేఖ ఇది.

మీరు పంపిన ముసాయిదాను రెండుసార్లు పూర్తిగా చదివాను. కవచభేదనం, మందుగుండు సరఫరా, ఆజ్ఞల ఆలస్యం వంటి అంశాల మీద మీరు పెట్టిన శ్రమ ప్రతి పేజీలోనూ కనిపిస్తోంది. కానీ "లక్ష్య పరిమాణం" అనే నిబంధన మాత్రం ఇప్పుడున్న రూపంలో ఆమోదం పొందితే మన ఆటల్లో ట్యాంకు యుద్ధం స్వభావమే మారిపోతుందని నా గట్టి అభిప్రాయం. సిరొంచ నుంచి, గడ్చందూర్ నుంచి వచ్చే మిత్రులు ప్రతి ఆదివారం రాలేరు కాబట్టి, నలుగురి మధ్య మాటగా మిగిలిపోకుండా అందరూ చదివి ఆలోచించుకునే వీలుండాలని దీన్ని బహిరంగ లేఖగా రాస్తున్నాను.

ఆ నిబంధన ప్రకారం ప్రతి ట్యాంకూ చిన్నది, మధ్యస్థం, పెద్దది అనే మూడు తరగతుల్లో ఒకదానికి చెందుతుంది. చిన్న ట్యాంకు మీద కాల్చేవారు రెండు పాచికల మొత్తం నుంచి 1 తీసివేయాలి, పెద్దదాని మీద కాల్చేవారు 1 కలుపుకోవాలి. 200 మీటర్లయినా 2,000 మీటర్లయినా, ట్యాంకు బయలులో నిలబడినా గట్టు వెనుక నక్కినా, ఆ 1 మారదు. శత్రువును కనిపెట్టడానికి వేసే పాచికలకు కూడా అదే 1 వర్తిస్తుంది. తరగతులను దేని ఆధారంగా నిర్ణయించారో ముసాయిదా చెప్పలేదు గాని, పట్టిక చూస్తే ప్రధానంగా ఎత్తునూ, కొన్నిచోట్ల బరువునూ లెక్కలోకి తీసుకున్నట్టు అర్థమవుతుంది.

ముందుగా ఆ పట్టికలోని ఒక జతను చూడండి. అమెరికా ట్యాంకు షెర్మన్ "పెద్దది", సోవియట్ ట్యాంకు టీ-72 "చిన్నది" అని ఉంది. షెర్మన్ ఎత్తు సుమారు 2.74 మీటర్లు, వెడల్పు సుమారు 2.62 మీటర్లు. టీ-72 ఎత్తు సుమారు 2.2 మీటర్లే గాని వెడల్పు దాదాపు 3.6 మీటర్లు. ఎదురుగా చూసినప్పుడు రెంటినీ పెట్టెలుగా భావిస్తే షెర్మన్ పెట్టె 7.2 చదరపు మీటర్లు, టీ-72 పెట్టె 7.9 చదరపు మీటర్లు. అంటే మనం "చిన్నది" అన్న ట్యాంకే ఎదురుగా ఎక్కువ చోటు ఆక్రమిస్తోంది. గురి కేంద్రం చుట్టూ గుండ్లు చెదిరే తీరుకు ప్రామాణిక విచలనం (గుండ్లు మామూలుగా కేంద్రం నుంచి ఎంత తొలగుతాయో చెప్పే కొలత) నిలువుగానూ అడ్డంగానూ 1 మీటరు అనుకుని లెక్క వేశాను: షెర్మన్‌కు గుండు తగిలే అవకాశం నూటికి 67, టీ-72కు నూటికి 68. మన ముసాయిదా మాత్రం ఈ రెంటి మధ్య పాచికల మీద 2 అంకెల తేడా పెట్టింది. అర్జున్‌ను బరువు చూసి "పెద్దది"లో వేసినట్టున్నారు. 58 టన్నులు దాటిన ఆ ట్యాంకు ఎత్తు సుమారు 2.3 మీటర్లే. గురి చూసేవాడికి టన్నులు కనిపించవు.

దీన్నిబట్టి ఎత్తుకు విలువ లేదని నేను అనడం లేదు. ఎత్తుకు విలువ ఉంది, అది ఎప్పుడు, ఎందుకు ఉంటుందో తెలుసుకుంటే నిబంధన తనంతట తానే దారికి వస్తుంది. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనుల్లో ముప్పై ఏళ్లకు పైగా సర్వేయరుగా పనిచేసిన నాకు ఈ విషయం పుస్తకాల కంటే ముందు థియోడొలైట్ అనే కొలత దుర్భిణి నేర్పింది. మా పరికరం కంటి గాజులో పైనొకటి, కిందొకటి సన్నని స్టేడియా గీతలు ఉంటాయి. అవతల నిలబెట్టిన కొలబద్ద మీద ఆ రెండు గీతల మధ్య ఎంత కనిపిస్తుందో చదివి, దాన్ని 100తో గుణిస్తే దూరం వస్తుంది. పాత సోవియట్ ట్యాంకుల గురి అద్దాల్లో ఉన్నది కూడా ఈ సూత్రమే. ఒక తేడా ఏమిటంటే వాళ్లకు అవతల కొలబద్ద పట్టుకునే మనిషి ఉండడు కాబట్టి శత్రువు ట్యాంకునే కొలబద్దగా భావించి, దాని ఎత్తు 2.7 మీటర్లని ముందే అనుకుని గీతలు గీశారు.

ఆ అనుకోవడంలోనే అసలు సంగతి ఉంది. ఎదుట ఉన్నది 3 మీటర్ల బ్రిటిష్ ట్యాంకు సెంచూరియన్ అయితే ఆ గీతలు 1,500 మీటర్ల దూరాన్ని 1,350గా చూపిస్తాయి, గుండు ముందే నేల వైపు పడుతుంది. ఎదుట ఉన్నది 2.2 మీటర్ల ట్యాంకు అయితే అదే దూరం 1,840 మీటర్లుగా కనిపిస్తుంది, గుండు పైనుంచి వెళ్లిపోతుంది. పొట్టి ట్యాంకు తగలవలసిన చోటును తగ్గించడమే కాక, కొలిచేవాడి కొలతనే చెడగొడుతుందన్నమాట. ఒకసారి వార్ధా నది అవతలి గట్టు మీద జొన్నచేలో కొలబద్ద నిలబెట్టినప్పుడు, దాని అడుగుభాగం కంకుల వెనుక కనబడక నేను చేసిన తప్పు కొలత వల్ల ఒక గట్టు రేఖను మళ్లీ గీయవలసి వచ్చింది. అడుగు కనబడకపోతే స్టేడియా గీతలు దేనికీ కొరగావు. గట్టు వెనుక టరెట్ (ఫిరంగి అమర్చిన, తిరిగే పై భాగం) మాత్రమే చూపించే ట్యాంకును ఆ గీతలతో కొలవబోయిన గన్నరుకు ఎదురయ్యేదీ అదే.

దూరం తప్పితే గుండు ఎంత ఎత్తున తప్పుతుందనేది దాని వేగాన్ని బట్టి ఉంటుంది. గాలి నిరోధాన్ని పక్కన పెట్టి సులువుగా చూద్దాం. షెర్మన్ 76 మిల్లీమీటర్ల ఫిరంగి నుంచి కవచభేదక గుండు సెకనుకు సుమారు 800 మీటర్ల వేగంతో వెలువడుతుంది. 1,500 మీటర్ల దూరంలో ఉన్న లక్ష్యాన్ని 120 మీటర్లు తప్పుగా అంచనా వేస్తే ఆ గుండు కేంద్రానికి దాదాపు 1.4 మీటర్లు పైనో కిందో వెళుతుంది. 3 మీటర్ల ట్యాంకు మధ్యకు గురిపెట్టి ఉంటే పైకీ కిందికీ 1.5 మీటర్ల చొప్పున చోటుంది కాబట్టి అంచుకైనా తగులుతుంది. 2.2 మీటర్ల ట్యాంకుకు 1.1 మీటర్లే ఉంది కాబట్టి తగలదు. అదే తప్పును 105 మిల్లీమీటర్ల సెంచూరియన్ ఫిరంగి నుంచి సెకనుకు దాదాపు 1,480 మీటర్ల వేగంతో వెళ్లే సాబో (కాల్చాక తొడుగు ఊడిపోయి సన్నగా దూసుకెళ్లే) గుండుతో చేస్తే, కేంద్రం నుంచి తొలగేది 40 సెంటీమీటర్లు మాత్రమే. రెండు ట్యాంకులకూ తగులుతుంది. ఇక లేజర్ కిరణంతో దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ ఉన్న ట్యాంకులో దూరపు తప్పు కొద్ది మీటర్లకు దిగిపోతుంది, దానితోపాటు పొట్టితనానికున్న ఈ లాభమంతా కరిగిపోతుంది.

కాబట్టి పొట్టితనపు సవరణను లక్ష్యానికి తగిలించడం సగం తప్పు. అది కాల్చేవాడి దూరమాపకానికీ, గుండు వేగానికీ, లక్ష్యపు ఎత్తుకూ మధ్య ఉన్న సంబంధం. ఇంతకు ముందు సమానంగా వచ్చిన షెర్మన్, టీ-72 జతనే మళ్లీ తీసుకుని, దూరపు అంచనా సరిగా లేని పరిస్థితిలో నిలువు విచలనం 2 మీటర్లకు పెరిగి అడ్డపు విచలనం 0.7 మీటర్లు మాత్రమే ఉన్నట్టు లెక్క వేస్తే, షెర్మన్‌కు తగిలే అవకాశం నూటికి 48, టీ-72కు 41 వస్తుంది. పొట్టి ట్యాంకు లాభపడేది ఇక్కడే.

దూరం సంగతికి వస్తాను. మళ్లీ పోలిక కోసం 3 మీటర్ల ఎత్తు, 3.4 మీటర్ల వెడల్పు ఉన్న సెంచూరియన్ వంటి ట్యాంకునూ, 2.2 మీటర్ల ఎత్తు, 3.6 మీటర్ల వెడల్పు ఉన్న టీ-72 వంటి ట్యాంకునూ తీసుకోండి. దగ్గరలో గుండ్లు 30 సెంటీమీటర్ల విచలనంతో పడుతుంటే రెంటికీ తగిలే అవకాశం దాదాపు నూటికి నూరు, తేడా లేదు. విచలనం 1 మీటరైతే పొడుగుదానికి 79, పొట్టిదానికి 68. విచలనం 2.5 మీటర్లకు పెరిగేంత దూరమైతే పొడుగుదానికి 23, పొట్టిదానికి 18. రెండు పాచికల మొత్తం స్వభావం వల్ల 1 తీసివేయడం మధ్య అంకెల దగ్గరే ఎక్కువ బరువు చూపిస్తుంది కాబట్టి, ఆ మేరకు ముసాయిదా వాస్తవానికి దగ్గరగా ఉందని ఒప్పుకోవడం న్యాయం. తప్పు రెండు చివర్లా ఉంది. 4 గాని అంతకంటే ఎక్కువ గాని పడితే చాలనుకునే దగ్గరి కాల్పులో అవకాశం 92 నుంచి 83కు పడిపోతుంది, అక్కడ అసలు ఏ తగ్గుదలా ఉండకూడదు. 11 కావలసిన దూరపు కాల్పులో 8 నుంచి 3కు పడిపోతుంది, అంటే మూడింట రెండు వంతులు పోయాయి. లెక్క ప్రకారం అక్కడ పోవలసింది అయిదింట ఒక వంతు మాత్రమే.

ఇప్పుడు నాకు అన్నింటికంటే ముఖ్యంగా అనిపించే విషయం చెబుతాను. ఒక ట్యాంకుకూ మరో ట్యాంకుకూ ఉన్న ఎత్తు తేడా కంటే, ఒకే ట్యాంకు బయలులో ఉండడానికీ గట్టు వెనుక ఉండడానికీ మధ్య ఉన్న తేడా ఎన్నో రెట్లు పెద్దది. గట్టు పైన 80 సెంటీమీటర్ల ఎత్తు, 2.2 మీటర్ల వెడల్పు గల టరెట్ ముక్క మాత్రమే కనిపిస్తుంటే, 1 మీటరు విచలనం దగ్గర తగిలే అవకాశం నూటికి 23కు దిగుతుంది. 79కీ 68కీ మధ్య తేడా గురించి వాదించుకుంటున్న మనం, 68 నుంచి 23కు తెచ్చే సంగతిని ముసాయిదాలో ఒక్క వాక్యంతో సరిపెట్టాం.

అంతేకాదు, పొట్టితనానికి గట్టు దగ్గర చెల్లించవలసిన ధర ఉంది, దాన్ని ముసాయిదా గుర్తించలేదు. ఫిరంగి మూతిని కిందికి వంచాలంటే టరెట్ లోపల దాని వెనుక భాగం పైకి లేవాలి. కప్పు తక్కువ ఎత్తులో ఉంటే అది లేవడానికి చోటు ఉండదు. అందుకే సెంచూరియన్ ఫిరంగి 10 డిగ్రీలు కిందికి వంగగలిగితే, టీ-55, టీ-62, టీ-72 ఫిరంగులు 5, 6 డిగ్రీలకు మించి వంగవు. మన గనుల చుట్టూ పేరుకున్న మట్టి దిబ్బల వెనుక వాలు 8 డిగ్రీలనుకోండి. సెంచూరియన్ ఆ వాలు మీద ముక్కు పైకెత్తి నిలబడి, ఫిరంగిని 8 డిగ్రీలు వంచి, టరెట్ మాత్రమే చూపిస్తూ అవతలి మైదానం మీద కాల్చగలదు. టీ-55కు అది సాధ్యం కాదు. ముక్కు వాలే దాకా దిబ్బ అంచు మీదికి రావాలి, వస్తే హల్ (ట్యాంకు కింది మొండెం) మొత్తం కనిపిస్తుంది. 1973 అక్టోబరులో గోలాన్ ఎత్తుల మీద ముందుగా కట్టుకున్న మట్టి వాలుల వెనుక నుంచి ఇజ్రాయెల్ సెంచూరియన్లు, తమకంటే చాలా ఎక్కువ సంఖ్యలో వచ్చిన సిరియా టీ-55, టీ-62లను నిలువరించిన తీరులో ఈ నాలుగైదు డిగ్రీల తేడా పాత్ర చాలా ఉంది. ఆ యుద్ధాన్ని మన ముసాయిదాతో ఆడితే, అంచు మీదికి వచ్చిన టీ-55కు "చిన్నది" అన్న లాభం వస్తుంది, గట్టు వెనుక ఉన్న సెంచూరియన్‌కు "మధ్యస్థం" కాబట్టి పరిమాణం వల్ల ఏ లాభమూ రాదు. అక్కడ జరిగినదానికి ఇది పూర్తిగా తలకిందులు. టరెట్ లేకుండా, మొత్తం ట్యాంకునే ముందుకు వంచి గురిపెట్టే స్వీడన్ వారి స్ట్రిడ్స్‌వాగ్న్ 103 పొట్టితనాన్నీ 10 డిగ్రీల వంపునూ కలిపి సాధించింది. దానికి ప్రత్యేక నిబంధన రాయవచ్చు, మన ఆటల్లో అది ఎప్పుడైనా వస్తే.

కనిపెట్టడం వేరు, తగిలించడం వేరు. ఈ రెంటికీ ఒకే అంకె వాడడం కూడా సరి కాదు. 1958లో జాన్ జాన్సన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త రాత్రి దృశ్య పరికరాల మీద చేసిన పరిశీలనల్లో, ఒక వస్తువు ఉన్నదని తెలియడానికి దాని చిన్న కొలత మీద ఒక గీతల జత (పక్కపక్కన నల్లగీత, తెల్లగీత) విడిగా కనిపిస్తే చాలుననీ, అది ఏ రకం వస్తువో పోల్చడానికి సుమారు 4 జతలు కావాలనీ తేల్చాడు. ట్యాంకు విషయంలో ఆ చిన్న కొలత చాలాసార్లు ఎత్తే. కాబట్టి కనిపెట్టే దూరం ఎత్తుతో పాటు అదే నిష్పత్తిలో తగ్గుతుంది: 3 మీటర్ల ట్యాంకును పోల్చుకోగల దూరంలో నాలుగింట మూడు వంతుల దగ్గరే 2.2 మీటర్ల ట్యాంకును పోల్చుకోగలం. పాచికల మీద 1 తీసివేయడం కంటే, కనిపెట్టే దూరాన్నే నాలుగో వంతు తగ్గించడం సరైనదీ, ఆడడానికి సులువైనదీ. అయితే కదలికా, దుమ్మూ, ఫిరంగి మెరుపూ ఈ లెక్కను తుడిచేస్తాయి. కాల్చిన ట్యాంకుకు ఈ తగ్గింపు ఇవ్వకూడదు. 1991 ఫిబ్రవరి 26న ఇరాక్ ఎడారిలో 73 ఈస్టింగ్ అనే పటపు నిలువు గీత దగ్గర ఇసుక తుఫానులో అమెరికా ఎం1ఏ1 ట్యాంకులు ఉష్ణచిత్ర గురి అద్దాలతో ఇరాకీ టీ-72లను ధ్వంసం చేశాయి. వేడిని చూసే అద్దానికి ఆ ట్యాంకుల పొట్టితనం పెద్ద అడ్డంకి కాలేదు. ఆ యుద్ధాన్ని అమెరికన్లు తర్వాత సిమ్‌నెట్ అనే కంప్యూటర్ అనుకరణ వ్యవస్థలో అడుగడుగూ తిరిగి కట్టి అధ్యయనం చేశారు. యుద్ధక్రీడ గంభీరమైన పని అని నమ్మే మనకు అది మంచి ఉదాహరణ.

మన సభ్యులందరికీ ఇష్టమైన అసల్ ఉత్తర్ ఆటను కూడా ఈ దృష్టితో సరిదిద్దాలి. 1965 సెప్టెంబరు 8 నుంచి 10 వరకు పంజాబులో భారత, పాకిస్తాన్ సైన్యాల మధ్య జరిగిన ఆ యుద్ధానికి ముసాయిదా పాకిస్తాన్ పక్షపు ప్యాటన్‌ను "పెద్దది"గానూ, మన సెంచూరియన్‌ను "మధ్యస్థం"గానూ చూపింది. ఎం48 ప్యాటన్ ఎత్తు 3.1 మీటర్ల దగ్గరా, సెంచూరియన్ ఎత్తు 3 మీటర్ల దగ్గరా ఉన్నప్పుడు ఆ తేడాకు ఆధారం లేదు. అక్కడ మన సైన్యానికి లాభించినది చెరకు తోటలూ, నీరు పెట్టి బురద చేసిన నేలా, శత్రువు తన మధ్యలోకి వచ్చేలా గుర్రపు నాడా ఆకారంలో తీర్చిన మోహరింపూ. మన సైనికుడు అబ్దుల్ హమీద్ జీపు మీద అమర్చిన 106 మిల్లీమీటర్ల, కాల్చినప్పుడు వెనక్కి తన్నని రీకాయిల్‌లెస్ తుపాకీ గుండు వేగం సెకనుకు 500 మీటర్ల చిల్లర. 1,000 మీటర్ల దగ్గర దూరాన్ని పదో వంతు తప్పుగా అంచనా వేస్తే ఆ గుండు దాదాపు 2 మీటర్లు తొలగిపోయి ప్యాటన్‌నైనా తప్పిపోతుంది. 500 మీటర్ల దగ్గర అదే పదో వంతు తప్పు అర మీటరు కంటే ఎక్కువ తేడా చేయదు. ఆ తుపాకీ మీద దూరం సరిచూసుకోవడానికి చిన్న స్పాటింగ్ రైఫిల్ ఉన్నప్పటికీ, చెరకు మాటున దగ్గరికి వెళ్లి కాల్చడం ఎందుకు అవసరమైందో ఈ లెక్క చెబుతుంది. మన ఆటలో ఆ జీపుకు దాగి ఉండే సామర్థ్యాన్ని ఎక్కువగా ఇచ్చి, కాల్చిన వెంటనే వెనుక నుంచి లేచే దుమ్ము, పొగ వల్ల దాన్ని పూర్తిగా బయటపెట్టాలి.

ఇన్ని లెక్కలు ఆటలో ఎక్కడ పెట్టుకుంటామని రాజురా మిత్రులు అడుగుతారని తెలుసు. నా ప్రతిపాదన ఒక్క పాచికతో ముగుస్తుంది. పరిమాణానికి రెండు పాచికల మీద ఏ సవరణా వద్దు. గుండు తగిలిందని తేలిన తర్వాత మాత్రమే ఒక పాచిక అదనంగా వేయాలి. లక్ష్యం 2.4 మీటర్ల కంటే పొట్టిదై, దూరం 500 మీటర్లు దాటి, కాల్చేవారికి లేజర్ లేకపోతే, ఆ పాచిక 1 చూపించినప్పుడు గుండు కప్పు మీదుగా వెళ్లినట్టు. ఆరింట ఒక వంతు అనేది మధ్య దూరంలోనూ ఎక్కువ దూరంలోనూ నా లెక్కల్లో వచ్చిన తగ్గుదలకు చాలా దగ్గరగా ఉంది. లక్ష్యం గట్టు వెనుక ఉంటే ట్యాంకు రకాన్ని పూర్తిగా మరచిపోయి, 500 మీటర్ల లోపల 1 పడితే తప్పినట్టు, అంతకు మించిన దూరంలో 5 గాని 6 గాని పడితేనే తగిలినట్టు తీసుకోవాలి. గట్టు వెనుక నుంచి కాల్చే హక్కును మాత్రం ఆ ట్యాంకు ఫిరంగి వంపును బట్టి ఇవ్వాలి. 10 డిగ్రీల దగ్గర వంగేవాటికి ఏ దిబ్బ అయినా పనికొస్తుంది, 5, 6 డిగ్రీలవాటికి పటం మీద మెత్తని వాలుగా గుర్తించిన దిబ్బలే పనికొస్తాయి. షెర్మన్, టీ-72 జత సమానంగా ఉండడానికి కారణమైన వెడల్పు సంగతిని ఈ పద్ధతి పూర్తిగా పట్టుకోలేదు. కాని ఇప్పుడున్న 2 అంకెల తేడా కంటే ఇది చాలా తక్కువ తప్పు.

తుది నిర్ణయానికి ముందు ఒక్క ఆదివారం నాకు ఇవ్వండి. గోలాన్ పటాన్నే పరిచి, ఉదయం ముసాయిదా ప్రకారమూ, మధ్యాహ్నం ఈ పద్ధతి ప్రకారమూ అదే బలగాలతో ఆడదాం. సిరొంచ మాస్టారు సిరియా పక్షం తీసుకుంటానని ముందే మాట ఇచ్చారు. దిబ్బల వాలులను డిగ్రీల్లో గుర్తించిన పటం నా దగ్గర సిద్ధంగా ఉంది, దాన్ని ముందురోజు సాయంత్రమే తెచ్చి హాలులో పరుస్తాను.

ఇట్లు,
మీ సహసభ్యుడు, విశ్రాంత గని సర్వేయరు,
బల్లార్‌పూర్